బండి దిగిన బుల్లయ్య

ఎడ్లు ఆగిపోయాయి!

బండలాగుడు పందెంలో ఎడ్లు ఆగడం వింతేమీ కాదు. కాలు బెణికితే ఆగుతాయి, దమ్ము చాలకపోతే ఆగుతాయి, జనం ఈలలకు బెదిరి కూడా ఆగుతాయి. కానీ ఆ ఏడాది, అంటే రెండువేల రెండులో, అద్దంకికి ఇవతల ఒక పల్లెలో పోలేరమ్మ తిరునాళ్ళకు వెళ్ళి నేను చూసిన జత ఆగిన తీరు వేరు. ఇరవై నిమిషాల్లో ఏ జత రాతిబండను ఎక్కువ దూరం లాగితే దానిదే గెలుపు. చదును చేసిన పొడుగాటి బాట, ఆ కొసన మలుపుకోవాలి, ఈ కొసన మలుపుకోవాలి. ఈ జత మొదటి కొస దాకా తుపానులా వెళ్ళింది. మలుపుకుంది. తిరిగి నాలుగడుగులు వేసింది. అంతే! రెండు ఎడ్లూ ఒక్కసారే నిలబడి, చెవులు రిక్కించి, మెడలు పక్కకు తిప్పి, దేనికోసమో వెతుక్కోవడం మొదలుపెట్టాయి.

వాటికి చాలా వెనక, పంచె ఎగగట్టి, చెర్నాకోల పట్టుకుని, నోరు తెరుచుకుని వస్తున్నాడు ఎడ్ల ఆసామి బుల్లయ్య. దాన్ని పరుగు అనడానికి లేదు, నడక అనడానికీ లేదు. పొట్ట ముందు వస్తోంది, మనిషి దాని వెనక వస్తున్నాడు. "హోయ్" అని అదిలించబోతే గొంతులోంచి గాలి తప్ప మాట రావడం లేదు.

"ఏం వెతుకుతున్నాయమ్మా అవి?" అని నా పక్కన నిలబడ్డ ఆయన భార్య పున్నమ్మను అడిగాను.

"ఇంకేముంది పెద్దాయనా, మోటారుసైకిలు కోసం!" అంది ఆవిడ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. "ఏడాదంతా బండెక్కి పక్కన తోలాడు. ఆ బుర్రుబుర్రు వినపడందే అవి అడుగెయ్యవు. చెబితే విన్నాడా!"

సంగతి ఇదీ. పందెపు ఎడ్లను రోజూ కట్టె మొద్దు లాగించి సాధన చేయించాలి. ఆసామి పక్కన పరిగెత్తాలి, అదిలించాలి. బుల్లయ్యకు పరుగు చేతగాక, మోటారుసైకిలెక్కి, కాలవ కట్ట వెంబడి ఎడ్ల పక్కన పోనిచ్చేవాడు. మెడ తిప్పి ఆగబోతే యాక్సిలేటరు తిప్పేవాడు. ఎడ్లు దాన్నే ఆసామి గొంతనుకున్నాయి. పందెం బాట మీదికి మోటారుసైకిలు రానివ్వరని ఎడ్లకు ఎవరు చెబుతారు?

మాట జనంలో గుప్పున పాకింది.

"ఒరేయ్, ఎవరన్నా కిక్కు కొట్టండ్రా!"

"పెట్రోలు అయిపోయిందేమో చూడండ్రా!"

బుల్లయ్య బాట మధ్యలో కూలబడ్డాడు. రెండో పక్క తోలుతున్న సుభానీ, బుల్లయ్య ఊరి మిరప రైతే, పరిగెత్తుకొచ్చి నెత్తిన నీళ్ళు పోశాడు. "మామా! మామా! కళ్ళు తెరువు!" బుల్లయ్య కళ్ళు తెరిచాడు. ఎదురుగా బాలు.

బాలు గుంటూరు మిరప యార్డులో కమీషను వ్యాపారి కొడుకు. ముప్పయ్యేళ్ళకే మెడా గడ్డమూ ఒకటైపోయిన మనిషి. సరదాకి ఎడ్ల జతల్ని పెంచుతాడు, పరిగెత్తడానికి జీతం మీద కుర్రాళ్ళను పెట్టుకుంటాడు. దుర్మార్గుడు కాదు గాని నోరు ఆగదు.

"బాబాయ్, ఇట్టాంటి జతని నీ దగ్గర పెట్టుకోవడం పాపం. నాకిచ్చెయ్యి. నా కుర్రాళ్ళు గాల్లో తోలతారు. నువ్వు ఎడ్లని మేపుతున్నావా, పొట్టని మేపుతున్నావా?"

జనం ఘొల్లుమన్నారు. బుల్లయ్య లేచాడు. ఒళ్ళంతా ఇసక. ఆ రొప్పులోనే అన్నాడు:

"వచ్చే ఏటి తిరునాళ్ళకి ఇదే బాట. ఈల నుంచి ఈల దాకా ఈ ఎడ్ల పక్కన నేనే పరిగెత్తుతా. ఆగానా, చెర్నాకోల ఇంకోడి చేతికిచ్చానా, జత నీది. నీ కొట్టానికి తోలుకుపో."

"అమ్మవారి ముందే అంటున్నావు బాబాయ్."

"అమ్మవారి ముందే అంటున్నా!"

పున్నమ్మ నెత్తిన చెయ్యి పెట్టుకుంది. పెద్దోడు, చిన్నోడు అని ఆ ఎడ్లను లేగదూడలప్పటి నుంచి పెంచింది ఆవిడ. చిన్నోడికి తల్లి చస్తే సీసాతో పాలు పట్టింది. ఆ రెండూ ఇప్పుడు ఒక మనిషి ఊపిరికి వేలాడుతున్నాయి. ఆ మనిషేమో, వీధి చివర కిళ్ళీకొట్టుకి కూడా బండి మీద పోయేవాడు!

ఈ బుల్లయ్య మొదటి నుంచీ ఇలా లేడు. నేను ఆ దారుల్లో తిరగడం మొదలుపెట్టిన రోజుల్లో ఆయన్ని చూశాను. తెల్లవారే అరక కట్టి దుక్కిలోకి దిగితే పొద్దువాటారిందాకా ఎడ్ల వెనక నడకే. నాగలి వెనక, గుంటక వెనక, గొర్రు వెనక. ఒక ఎకరం దున్నడానికి మనిషి ఎంత దూరం నడుస్తాడో లెక్క కట్టిన పుస్తకం ఒకటి ఎక్కడో చదివాను. అంకె మరిచిపోయాను గాని, చదివి కాళ్ళు నొప్పులు పుట్టిన సంగతి గుర్తుంది. ఆ నడకకు తగ్గ తిండి తినేవాడు. పొద్దున్నే గంటెడు చద్దన్నం, ఉల్లిపాయ. చేలో జొన్నన్నం, గోంగూర పచ్చడి, నంజుకోను పచ్చి మిరపకాయ. రాత్రి మళ్ళీ గిన్నెడు. అంత తిన్నా పక్కటెముకలు ఎంచుకోవచ్చు. తాడిచెట్టుకు పంచె చుట్టినట్టుండేవాడు.

తరవాత ట్రాక్టరు వచ్చింది. పొలానికి బోరు పడింది. నీళ్ళు కట్టడానికి మోట తోలక్కర్లేదు, మీట నొక్కితే చాలు. మిరప రెండేళ్ళు కలిసొచ్చి మోటారుసైకిలు వచ్చింది. టీవీ వచ్చింది. కష్టం ఒక్కోటీ ఇంట్లోంచి లేచి వెళ్ళిపోయింది. తిండి మాత్రం లేవలేదు! లేవకపోగా పెద్దపీట వేసుకుని కూర్చుంది. జొన్నలు లేనివాళ్ళ కూడని మానేశారు, సన్నబియ్యం మూడు పూటలా. ఆదివారం కోడి, మధ్యలో గుంటూరు వెళితే బిర్యానీ, చుట్టం వస్తే కూల్‌డ్రింకు. దుక్కి దున్నే మనిషి తినే కొలతతో, మంచం మీద కూర్చున్న మనిషి తిన్నాడు.

అందులోనూ ఆయన ప్రాణం ఉలవచారు. ఆ సీమలో ఎడ్లున్న ఇంట ఉలవచారు లేకుండా ఉండదు. ఎడ్లకని పెద్ద కుండలో ఉలవలు ఉడకేస్తారు. ఉడికిన గింజ ఎడ్లకు, వార్చిన నీళ్ళు మనిషికి. ఆ నీళ్ళను చింతపండేసి పొయ్యి మీద పొద్దంతా మరిగిస్తే చిక్కటి చారు. వేడన్నం గుట్టగా పోసి, నడిమిన గుంట చేసి, చారు నింపి, పైన అరచేతి మందాన మీగడ. అబ్బ! నాకూ పెట్టారు, నేనూ తిన్నాను, తిని అరుగు మీద మధ్యాహ్నమంతా చచ్చినట్టు పడుకున్నాను. నేను ఏడాదికోసారి తినేది, బుల్లయ్య రోజూ తినేవాడు.

ఊరు దాన్ని తప్పనలేదు. "బుల్లయ్యకు దొర కళ వచ్చింది" అన్నారు. పొట్ట చూసి పిల్లనిచ్చేవాళ్ళు, పొట్ట చూసి సభలో కుర్చీ వేసేవాళ్ళు. చిలకలూరిపేటలో డాక్టరు రక్తం చూసి, చక్కెర జబ్బు గుమ్మంలో నిలబడి ఉంది, రోజూ నడవండి అంటే, బుల్లయ్య నిజంగానే నొచ్చుకున్నాడట.

"నడవడానికి నాకేం ఖర్మండీ? బండి ఉందిగా!"

నవ్వకండి. ఆ మాటలో తరతరాల కాళ్ళ నొప్పి ఉంది. నడక అంటే లేమి. ఎండలో చెప్పులు లేకుండా సంతకు నడిచినవాడి కొడుకు, బండెక్కి పోవడమే మోక్షమనుకుంటాడు. మరి గుంటూరు బ్రాడీపేటలో నా స్నేహితుడు త్యాగరాజు, రిటైరైన లెక్కల మాస్టారు, పులిహోర, చక్రపొంగలి, కుర్చీ తప్ప వేరే వ్యసనం లేని మనిషి, ఆయనకు అక్కడి డాక్టరు అదే మాట చెబితే పంచె మీద తెల్ల బూట్లు తొడిగి తెల్లవారుజామునే స్టేడియం చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. ఆయన పక్కన జడ్జీలూ, లాయర్లూ, పొగాకు వ్యాపారులూ. అక్కడ నడక హోదా. ఆ స్టేడియం బయటి బజారులో జొన్నరొట్టెలు పొట్లాం కట్టి అమ్ముతుంటే కార్లాపి కొనుక్కుంటున్నారు. బుల్లయ్య సిగ్గుపడి వదిలేసిన జొన్న!

మిరప యార్డుకు వెళ్ళి నిలబడండి, ఇంకా బాగా తెలుస్తుంది. ఘాటుకు ముక్కు మూసుకుని నడుముల్ని మాత్రం చూడండి. బస్తాలు మోసే ముఠా కూలీకి పొట్ట వీపుకంటుకుని ఉంటుంది. తొడిమలు తీసే ఆడవాళ్ళు పొద్దంతా కదలకుండా కూర్చుంటారు, కోటా బియ్యపన్నం, నీళ్ళచారు, పంచదార ఎక్కువేసిన టీ. ముఖం పాలిపోయి ఉంటుంది, నడుము మాత్రం ఊరుతుంది. లావుగా ఉన్నారు కాబట్టి బలంగా ఉన్నారని మేస్త్రీ అనుకుంటాడు. దిండుకానుకున్న వ్యాపారి సంగతి సరేసరి. ఒక్క కప్పు కింద ఇన్ని రకాల ఒళ్ళు! కొత్తపట్నంలో చేపలు పట్టే పల్లెకార్లలోనూ ఇదే చూశాను. తెడ్డు వేసిన తండ్రి చెక్కిన మానులా ఉన్నాడు, ఇంజను పడవ తిప్పే కొడుక్కి బనీను పైకి లేచిపోతోంది. నాకు అనిపించేదేమంటే, పొట్ట కూడా పెద్దింటి పాత చొక్కా లాంటిది. వాళ్ళు విడవగానే కిందింటికి చేరుతుంది. కిందివాళ్ళు మురిసిపోయి తొడుక్కునేసరికి, పైవాళ్ళు బూట్లేసుకుని స్టేడియంలో ఉంటారు.

సరే, బుల్లయ్య దగ్గరికి వద్దాం. పందెం కట్టిన మర్నాడు ఇంట్లో జరిగిన గొడవ నా చెవులతో విన్నాను. ఆ ఊరు వెళితే నా మకాం వాళ్ళ అరుగు మీదే మరి.

ఎడ్లు పందెం నుంచి వచ్చి విశ్రాంతిలో ఉన్నాయి. బుల్లయ్య మేత గాడి దగ్గర నిలబడి, పున్నమ్మ తెచ్చిన ఉలవల గంపలోంచి సగం తీసేయించాడు.

"తగ్గించవే! పని లేని గొడ్డుకు బలం మేత పెడితే కొవ్వు పట్టి కాలు కదలదు. చొప్ప వెయ్యి చాలు."

పున్నమ్మ గంప కింద పెట్టింది. నడుము మీద చేతులు పెట్టుకుంది.

"ఇంకోసారి అను."

"ఏంటే?"

"పని లేని గొడ్డుకి ఏం పెట్టాలన్నావు?"

బుల్లయ్య ఎడ్ల వంక చూశాడు, నా వంక చూశాడు. నేను ఆకాశం వంక చూశాను.

"పదేళ్ళ నుంచి నీకు దుక్కి ఉందా? అరక ఉందా? పందెపు ఎడ్లకి సగం తగ్గిస్తావు, నీ కంచంలో మీగడ తగ్గితే గిన్నె విసురుతావు! ఇవాళ్టి నుంచి ఈ ఇంట్లో మూడు గొడ్లకి మేత నేను కొలుస్తా."

కొలిచింది కూడా! మధ్యాహ్నం బుల్లయ్య కంచంలో ఉలవ గుగ్గిళ్ళు, రెండు జొన్నరొట్టెలు, తోటకూర. ఉలవచారు లేదు. అదెక్కడ అని అడిగితే, కొట్టం వైపు వేలు చూపించింది. కుడితి తొట్లో పోసేసిందట. పెద్దోడూ చిన్నోడూ మూతులు ముంచి జుర్రుతుంటే, గడపలో నిలబడి చూస్తున్న బుల్లయ్య మొహం నేను జన్మలో మరిచిపోను.

"వాటికి పోశావా? అంత చారూ?"

"గింజ నీకు, నీళ్ళు వాటికి. ఇన్నాళ్ళూ తిరగేసి తిన్నారు. తిను."

తిన్నాడు. తిట్టుకుంటూ తిన్నాడు.

తిండి కంటే పరుగే కష్టమైంది. ఒంటికి కాదు, పరువుకి! మన పల్లెల్లో పెద్దమనిషి ఊరికే పరిగెత్తడు. పరిగెత్తాడంటే ఎవరో పోయి ఉండాలి, లేదా గడ్డివాము అంటుకుని ఉండాలి. మొదటి రోజు డొంక దారిలో పరుగు మొదలెట్టగానే ఎదురొచ్చినవాళ్ళందరూ వెనక్కి తిరిగి ఆయనతోపాటు పరిగెత్తడం మొదలుపెట్టారు.

"ఏమైంది బుల్లయ్యా? ఎవరికేమైంది?"

"ఎవరికీ ఏం కాలేదురా! పోండ్రా!"

"మరెందుకు ఉరుకుతున్నావు?"

చెప్పలేక వెనక్కి వచ్చేశాడు. సుభానీ ఉపాయం చెప్పాడు: "మామా, చేతిలో చెర్నాకోల పట్టుకో. ఎడ్లు తప్పించుకున్నాయనుకుంటారు." అప్పటి నుంచి పాపం ఎడ్లు లేకపోయినా చెర్నాకోల ఊపుకుంటూ, "హోయ్ హోయ్" అంటూ ఉత్త డొంకలో పరిగెత్తేవాడు. "ఇటేం రాలేదు బుల్లయ్యా, అటెళ్ళి ఉంటాయి!" అని దారి చూపించిన పుణ్యాత్ములూ ఉన్నారు.

ఇక ఎడ్ల చేత మోటారుసైకిలు మాన్పించాలి. అది ఇంకో తమాషా. మొదట్లో బుల్లయ్య ఎడ్ల పక్కన పరిగెత్తుతుంటే, సుభానీ బండి మీద కొంచెం వెనకగా వచ్చేవాడు. తరవాత ఇంకా వెనకగా. బండి చప్పుడు సన్నగిలేకొద్దీ బుల్లయ్య గొంతు పెంచేవాడు. ఒక రోజు ఎడ్లు మొండికేసి, బండి కనపడితే తప్ప కదలమన్నాయి. సుభానీ ఇంజను ఆపేసి, బండిని నెట్టుకుంటూ వాటి పక్కన పరిగెత్తాడు! చెమటలు కారుతూ, "నీ ఎడ్లు పాడుగాను మామా, నాకు పొట్ట కూడా లేదు, నన్నెందుకు చంపుతారు!" అని అరుస్తూ. కాలవ కట్ట కింద నాట్లేసే ఆడవాళ్ళు నవ్వలేక నడుములు పట్టుకున్నారు. చివరికి బండి ఇంట్లోనే ఉండిపోయింది. ఎడ్లు బుల్లయ్య కాళ్ళ చప్పుడుకు అలవాటు పడ్డాయి. ఆయన అడుగు పెరిగితే వాటి అడుగు పెరిగేది.

నేను మధ్యలో నా తిరుగుళ్ళకి నేను వెళ్ళిపోయి, మిరప కోతలప్పుడు తిరిగి వచ్చాను. వచ్చి బుల్లయ్యను పోల్చుకోలేదు! దవడలు బయటపడ్డాయి, మెడ కనిపిస్తోంది. కళ్ళంలో ఎర్రటి కాయల మధ్య పార పట్టుకుని నిలబడితే ఎవరో కూలీ అనుకున్నాను.

ఊరు మాత్రం పోల్చుకుంది, వేరే రకంగా. ఆ రోజుల్లో గుంటూరు, ప్రకాశం పల్లెల్లో మనిషి ఉన్నట్టుండి చిక్కితే జనం గొంతులు తగ్గేవి. "లారీ డ్రైవర్లకొచ్చే ఆ జబ్బేమో!" సింగరాయకొండలో చుట్టాల పెళ్ళికి వెళితే బుల్లయ్య పక్క ఆకు ముందు కూర్చోడానికి మనిషి తటపటాయించాడు. బుల్లయ్య స్వీటు వద్దన్నాడు, రెండోసారి అన్నం వద్దన్నాడు. ఆ సీమలో వడ్డించేవాడికి వద్దని చెప్పడం కంటే కొట్టడం నయం! ఆకు మీద చేతులు అడ్డం పెట్టినా వేళ్ళ సందుల్లోంచి నెయ్యి పోస్తారు. అయినా వద్దన్నాడంటే జబ్బు ముదిరిందన్నమాట. పున్నమ్మ అన్న ఆ రాత్రికి రాత్రే బస్సెక్కి వచ్చి, బావ చేతులు పట్టుకుని, "గుంటూరు పెద్దాసుపత్రికి పోదాం, ఎవరికీ చెప్పం" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

మర్నాడు కుళాయి దగ్గర ఒకావిడ, "మీ ఆయనకి రక్త పరీక్ష చేయించారా పున్నమ్మా?" అని జాలిగా అడిగింది. పున్నమ్మ బిందె కింద పెట్టింది. ఎందుకోగాని ఆవిడ చేతిలోది కింద పెట్టినప్పుడల్లా ఏదో ఒకటి జరుగుతుంది.

"చేయించాం. ఎడ్ల పిచ్చని తేలింది! మందు లేదంట. మా ఆయన రేపు పొద్దున్నే డొంకలో ఉరుకుతాడు. నీ మొగుణ్ణి కూడా పంపు, పక్కన ఉరకమను. ముందు ఎవడు పడతాడో, జబ్బు ఎవడికుందో ఊరంతా చూద్దాం!"

ఎవరూ మొగుణ్ణి పంపలేదు.

బుల్లయ్యకు మాత్రం ఈ గుసగుసలు లోపల కోశాయి. "లావున్నప్పుడు దొరనన్నారు పెద్దాయనా, ఇప్పుడు పాడె కట్టడానికి చూస్తున్నారు" అన్నాడు నాతో. ఆ వారం సాధన మానేశాడు. మీగడ అడిగాడు. పున్నమ్మ గిన్నెడు మీగడ తెచ్చి ముందు పెట్టింది. పెట్టి, కొట్టంలోకి వెళ్ళి పెద్దోడి మెడ మువ్వల పట్టీ విప్పడం మొదలుపెట్టింది.

"అదెందుకు విప్పుతున్నావే?"

"బాలు ఎటూ తోలుకుపోతాడుగా. ఇది మా పుట్టింటోళ్ళు చేయించింది. ఉంచుకుంటా."

బుల్లయ్య గిన్నె తోసేసి లేచాడు. చెర్నాకోల ఎక్కడుందో వెతుక్కుని డొంకలోకి పోయాడు. మీగడ నేను తిన్నాను. ఎవరో ఒకరు తినాలి కదా.

తిరునాళ్ళు వచ్చాయి. రంగులరాట్నాలు, బూందీ మిఠాయి కొట్లు, మైకులో ఎవరి గొంతో పగిలిపోతోంది. ఊళ్ళూ ఊళ్ళూ తరలివచ్చాయి. పోయినేడు నవ్వినవాళ్ళందరూ మళ్ళీ నవ్వడానికి ముందు వరసలో కూర్చున్నారు. బాలు జత అప్పటికే లాగేసింది. జీతపు కుర్రాళ్ళు భలే తోలారు. బాలు గొడుగు కింద కుర్చీలో కూర్చుని కూల్‌డ్రింకు తాగుతూ, "రా బాబాయ్ రా!" అన్నాడు.

ఈల మోగింది!

పెద్దోడూ చిన్నోడూ ఒక్క ఊపున కాడి మీద పడ్డాయి. బండ కదిలింది, నేల గరగరలాడింది, దుమ్ము లేచింది. బుల్లయ్య చిన్నోడి భుజం పక్కన, సుభానీ రెండో పక్క. మొదటి కొస! మలుపుకున్నాయి. జనం ఊపిరి బిగపట్టారు, ఇక్కడే కదా పోయినేడు ఆగింది. ఎడ్లు చెవులు కూడా తిప్పలేదు. బుల్లయ్య "హోయ్!" అన్నాడు. గొంతు ఖంగుమంది. ఎడ్లు దౌడు! రెండో కొస, మళ్ళీ మలుపు, మళ్ళీ దౌడు. నా పక్కన పున్నమ్మ తెలియకుండానే నా చెయ్యి గిచ్చేస్తోంది.

సగం వేళ దాటాక వచ్చింది అసలు గండం. ఎడ్లకు కాదు, పంచెకు! మనిషి చిక్కాడు గాని పంచె కట్టు మారలేదు. పొట్ట కింద ముడి దోపి ఎగగట్టడం పదేళ్ళ అలవాటు. ఇన్నాళ్ళూ ఆ పంచెకు పొట్టే మేకు. ఇప్పుడు మేకు లేదు. ముడి వదులైంది, కుచ్చెళ్ళు జారాయి, ఒక కొస కాళ్ళకు చుట్టుకుంది. బుల్లయ్య తూలాడు. ఎడమ చేత్తో పంచె పట్టుకున్నాడు, కుడి చేతిలో చెర్నాకోల. ఒంటి చేత్తో కట్టలేడు. అడుగు చిన్నదైంది. ఆ అడుగు చూసి ఎడ్ల అడుగూ చిన్నదైంది.

"తప్పుకో మామా! చెర్నాకోల ఇటివ్వు! నేను తోలతా, కట్టుకో!" అని అరిచాడు సుభానీ, పందెం సంగతే మరిచిపోయి.

బాలు కుర్చీలోంచి లేచాడు. "ఇచ్చెయ్యి బాబాయ్! నలుగురిలో పరువు పోతుంది!"

పున్నమ్మ నా చెయ్యి వదిలేసింది. రెండు చేతులూ నోటికడ్డం పెట్టుకుని, ఆ హోరులో చెట్లు అదిరేలా అరిచింది:

"పీకి పారెయ్యవయ్యో!"

బుల్లయ్య ఆ మాట విన్నాడో లేదో నాకు తెలియదు. తల ఎత్తి, "పరువు పోతే పోయింది, ఎడ్లు పోవు!" అన్నాడు. ఎడమ చేత్తో పంచెను ఒక్క గుంజు గుంజాడు. అది గాల్లో లేచి, గుండ్రంగా తిరిగి, ముందు వరసలో కూర్చున్న పెద్దమనుషుల మీద పందిరిలా పడింది. నీలం చారల డ్రాయరులో, సన్నటి కాళ్ళతో, చెర్నాకోల పైకెత్తి బుల్లయ్య ఎడ్లను దాటి ముందుకురికాడు!

జనం అరిచిన ఆ అరుపు లాంటిది నేనెక్కడా వినలేదు. సముద్రం ఒడ్డున తుపాను విన్నాను, గుంటూరులో ఎన్నికల ఫలితాల రోజు విన్నాను. ఇది వేరు. ముసలమ్మలు లేచి నిలబడ్డారు. తమ ముందు నుంచి ఆయన వీపు దూసుకుపోతుంటే చూసి, పెద్దోడూ చిన్నోడూ వదిలి ఉండలేనట్టు మెడలు చాచి వెంటపడ్డాయి. బండ తేలిపోతున్నట్టే వచ్చింది. ఆయన వాటి పక్కకు సర్దుకున్నాడు. కొస, మలుపు. కొస, మలుపు. ఆయన మొహం ఎర్రబడింది, డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి, కాళ్ళు మాత్రం ఆగడం లేదు. "హోయ్" అనే ఓపిక లేక ఉత్త ఊపిరితో అదిలిస్తున్నాడు. ఎడ్లకు అదే చాలింది.

ఈల!

పదిమంది దూకి ఎడ్ల ముకుతాళ్ళు పట్టుకున్నారు. సుభానీ నేల మీద వెల్లకిలా పడిపోయి ఆకాశాన్ని తిడుతున్నాడు. టేపు పట్టుకున్నవాళ్ళు కొలిచి, మైకులో చెప్పారు. బుల్లయ్య జతది మూడో స్థానం. మొదటిది బాలుదే. అది విన్నవాడు ఒక్కడూ లేడు. జనం పంచెను జెండాలా కర్రకు కట్టి ఊపుతున్నారు.

బాలు గొడుగు కింద నుంచి బాట దాకా నడిచి వచ్చాడు. ఆ కాస్త దూరానికే చొక్కా తడిసి, నిలబడి ఊపిరి తీసుకోవలసి వచ్చింది.

"జత నీదే బాబాయ్," అన్నాడు. "ఒక్క మాట చెప్పు. ఇదంతా ఎట్టా..."

బుల్లయ్య చెయ్యెత్తి, ఆగమన్నట్టు సైగ చేశాడు. మాటకు ఊపిరి లేక కాదు. ఆయన చిన్నోడి పక్కటెముకల మీద అరచెయ్యి ఆనించి ఉన్నాడు. పందెం తరవాత ఎద్దు డొక్క ఎంత త్వరగా కుదుటపడితే దాని సత్తువ అంత ఎక్కువని ఆ సీమలో ఎడ్లవాళ్ళ నమ్మకం. రెండో చెయ్యి తన గుండె మీద వేసుకున్నాడు. పున్నమ్మ ఎవరి తువ్వాలో లాక్కొచ్చి నడుముకు చుడుతుంటే కూడా కదల్లేదు. కళ్ళు మూసుకుని, రెండు చేతులతో రెండు ఊపిరులూ వింటూ నిలబడ్డాడు.

"నా రొప్పే ముందు ఆగిందే," అన్నాడు కళ్ళు తెరిచి, పున్నమ్మతో, ఊళ్ళన్నీ వినేలా. "ఎద్దు కంటే నాదే ముందు!"